ఓడకు నష్టం లేదు

నలుగురిలో నిలబడితే భువనకు నోరు పెగలదు. బందరు పక్క పల్లెటూరి బడి నుంచి వచ్చి రెండేళ్లయినా, సింగపూర్ క్లాసులో ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. అలాంటిది, చీటీలు వేస్తే చరిత్ర ప్రాజెక్టు చదివే పని ఆమెకే వచ్చిపడింది. పైగా చుట్టుపక్కల బ్లాకుల పెద్దవాళ్లను కూడా స్కూలుకు పిలిచారు.

ఎదురు ఫ్లాట్‌లో ఉండే అమ్ములు ఆంటీ ధైర్యం చెప్పింది. “ముందు వరసలో కూకుంటాను. ఇంకెవుల్నీ చూడకు. నా మొకం చూసి చదివీ.”

ఆ సాయంత్రం భువన ఆమె ఎదుట చదివి చూసుకుంది. యుద్ధకాలంలో నీళ్లలో, తగిలితే పేలే మైన్లు పరిచిన డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక కథ అది. ఫిరంగులు కొన్ని విప్పేసి, వెనక పట్టాలు బిగించారు. దీపాలార్పుకుని జలసంధిలోకి వెళ్లేది. మైన్లను ఒక్కొక్కటే పట్టాల మీంచి జార్చి, తెల్లారేలోగా రేవు చేరేది. వాటికి తగిలి శత్రువుల ఓడలు మునిగాయి. యుద్ధం ముగిశాక మైన్లన్నీ ఏరేశారు. ఓడకు నష్టం లేదు.

“అన్నీ ఏరేసినారా?” అంది ఆంటీ.

“అలాగే ఉంది ఆంటీ.”

“మా నాయనా అదే నమ్మీసినాడు. యుద్ధం అయిపోనాదని జొహోర్ కాడ చేపలకెళ్లినాడు. నేను అమ్మ కడుపులో ఉన్నాను. సంపాన్ పడవ చెక్క ఒకటి ఒడ్డుకొచ్చింది, మనిషి రాలేదు.”

“ఈ ఓడ పరిచిన మైనేనా ఆంటీ?”

“ఏ ఓడదో నీళ్లకే తెలవాల. శవం చూడందే బొట్టెలా తీస్తానని మా అమ్మ సచ్చిందాకా పెట్టుకుంది. పేరంటానికి మాత్రం ఎవులూ పిలవలేదు.” ఆంటీ మోకాళ్లు పట్టుకుని లేచింది. “మకాన్ చేసి ఎల్లు పిల్లా. అన్నం పెడతాను.”

‘ఓడకు నష్టం లేదు’ అన్న చివరి మాట మారుద్దామని మర్నాడు భువన జట్టులోని వరుణ్‌ని అడిగింది.

“స్క్రిప్ట్ లాక్ అయిపోయింది లా,” అన్నాడతను సింగపూర్ యాసలో, అట్ట ఓడకు రంగు వేస్తూ. “మన టాపిక్ షిప్. ఆంటీ వాళ్ల డాడ్ కాదు. అయినా ఎక్స్‌ట్రా మాట్లాడేది ఎవరు, నువ్వా?”

ప్రాజెక్టు చదివే రోజున ఆంటీ అన్నట్టే ముందు వరసలో కూర్చుంది. ఆ ముఖం చూస్తేనే భువనకు మాట వస్తుంది. ఆ ముఖం చూస్తూ ఆ మాట ఎలా అనడం?

ఆమె ఇంగ్లీషులో చదువుతుంటే వరుణ్ అట్ట ఓడ పట్టాల మీంచి నల్ల బంతులను నీలం గుడ్డ మీదికి జార్చాడు. యుద్ధం ముగిసింది. ఇక భువన వాటిని ఏరి పెట్టెలో వెయ్యాలి. వేస్తూ వేస్తూ చివరి బంతిని పిడికిట్లో బిగించింది.

“పెట్టెలో వెయ్ లా,” గొణిగాడు వరుణ్.

“ఓడకు నష్టం లేదు,” అని చదివింది భువన. అక్కడితో కాగితం దించింది. ఎవరో దగ్గారు.

“ఒకటి దొరకలేదు.”

ఆ మాట ఆమె నోట తెలుగులో వచ్చేసింది. హాల్లో అది అర్థమైంది ఇద్దరికే. వరుణ్ ముఖం మాడ్చుకున్నాడు. ఆంటీ నుదురు తడుముకుంది.

టీచరు మార్కుల కాగితం మీంచి తలెత్తి, ఆ మాట అందరికీ అర్థమయ్యేలా మళ్లీ చెప్పమంది.

భువన పిడికిలి విప్పలేదు. ఆంటీ ముఖం చూస్తూ, ఇంగ్లీషులో మొదటి మాట కోసం వెతుక్కుంది.