బుధవారం సంతలో దిగిన బస్సు

నాయినకు జొన్నరొట్టె ఇచ్చి వెంటనే తిరిగొస్తానని సుస్మిత ఇంట్లో చెప్పి వచ్చింది. భర్త కృష్ణకాంత్ నమ్మినట్టే తలాడించి, ఇచ్చి రమ్మన్నాడు, గుంపులో మాత్రం నిలబడొద్దన్నాడు. ఆయన భయమంతా కూతురు పూజ గురించి. పాలమూరులో ఆ రోజు అంతర్జాతీయ ఖోఖో పోటీలు మొదలవుతున్నాయి. ప్రారంభోత్సవంలో దేశం పేరు రాసిన పలక పట్టుకుని ఒక్కో జట్టు ముందు నడవడానికి జిల్లా బళ్ళన్నీ వెతికి పన్నెండు మంది ఆడపిల్లల్ని ఎంచారు. పదో తరగతి పూజ వాళ్ళలో ఒకతి. డ్రిల్లు సారు పరమేష్ నెల రోజులు ఎండలో నడిపించి వాళ్ళ అడుగులు కుదిర్చాడు. ముందురోజే బడిలో ఒక మాట చెప్పి పంపారు: ఇంట్లోవాళ్ళు గొర్రెల కాపర్ల ధర్నాలో కనబడితే ఆ పిల్లను వరుసలోంచి తీసేస్తారు.

ఈ సంగతి సుస్మిత తన నాయిన బీరప్పకు చెప్పలేదు. చెబితే ఆయన రావడం మానేస్తాడని తెలుసు.

ఇప్పుడు పోటీలకు గ్యాలరీలు లేచిన మైదానంలో ఆమె పుట్టకముందు నుంచీ బుధవారం బుధవారం గొర్రెల సంత సాగేది. రెండేళ్ళ కింద చుట్టూ గోడ కట్టి, సంతను పెద్ద రోడ్డు పక్కకు తోలారు. అక్కడ నీళ్ళ తొట్టి లేదు, నీడ లేదు. పోయిన వానాకాలం ఒక లారీ పదకొండు గొర్రెల మీది నుంచి పోయింది. ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. పోటీల నిర్వాహకులు వారం చూసుకోకుండా పెట్టిన ముహూర్తం సరిగ్గా బుధవారం పడింది.

కోస్గి వైపు నుంచీ, కొత్తకోట దారి నుంచీ వచ్చిన కాపర్లు జెండాలు తేలేదు, బ్యానర్లు కట్టలేదు. ఎప్పుడూ సంతకు వచ్చినట్టే భుజాన గొంగడి వేసుకుని గొర్రెలను తోలుకొచ్చి గేటు ముందు రోడ్డు మీద ఆగారు. ఎవరిని అడిగి ధర్నా చేస్తున్నారని ఎస్సై గదిమితే బీరప్ప నెమ్మదిగానే జవాబిచ్చాడు.

"ధర్నా ఎక్కడిది సారూ, ఇయ్యాల బుధవారం. సంతకొచ్చినం. గేటు తీస్తే లోపటికి పోతం."

ఎస్సై ఫోను చెవిన పెట్టుకుని పక్కకు పోయాడు.

సుస్మిత డబ్బా ఇచ్చేసింది గానీ ఇంటికి పోలేదు. రోడ్డు అవతల పంక్చర్ దుకాణం రేకుల కింద నిలబడింది. అక్కడి నుంచి నాయినా కనబడుతున్నాడు, గేటు దగ్గర పట్టు లంగా కట్టుకుని కెన్యా పలక పట్టుకున్న కూతురూ కనబడుతోంది. పూజ ఒక్కసారి తల్లిని చూసి మొహం తిప్పుకుంది.

కాపర్లలో నలుగురు డోళ్ళు అందుకుని వాయిస్తూ చిందేయసాగారు. అదే సమయానికి కెన్యా జట్టు బస్సు వచ్చి గొర్రెల మధ్య చిక్కుకుంది. ఎంత హారన్ కొట్టినా గొర్రెలు కదలవు కదా. గేటు ఇంకో నలభై అడుగులే ఉండడంతో ఆటగత్తెలు దిగి నడక సాగించారు. డోలు వినగానే వాళ్ళ మొహాలు వెలిగాయి. చప్పట్లు కొట్టసాగారు, ఫోన్లు తీశారు. బ్యాడ్జీ పెట్టుకున్న ఒక వాలంటీరు అది స్వాగత నృత్యమని వాళ్ళకు చెప్పేశాడు. అతనూ అలాగే అనుకున్నాడేమో. గుర్వయ్య అనే కాపరి అయితే వచ్చిన పని మరిచి నిజంగానే బేరంలో పడ్డాడు. కొనేవాడూ అతనూ గొంగడి చాటున చేతులు పెట్టి వేళ్ళు నొక్కుకుంటూ ధర మాట్లాడుకుంటుంటే, అదేదో గారడీ అనుకుని ఇద్దరమ్మాయిలు వంగి చూశారు.

వాళ్ళలో పొడుగాటి అమ్మాయి ఒకతి మాత్రం బీరప్ప గొర్రె ముందు గొంతుక్కూర్చుంది. కాపర్లు వయసు చూసినట్టే కింది పెదవి వేలితో దించి పళ్ళు చూసింది. బీరప్ప ఆశ్చర్యపోయి రెండు వేళ్ళు చూపించాడు. రెండు పళ్ళే అన్నట్టు ఆమె కూడా రెండు వేళ్ళు చూపించింది. పొద్దుటి నుంచి ముడుచుకుని ఉన్న ఆయన మొహం విప్పారింది. అప్పుడు నేరుగా పంక్చర్ దుకాణం వైపు చూశాడు. కూతురు ఎక్కడుందో ఆయనకు ముందు నుంచీ తెలుసు.

"జర ఇటు రా బిడ్డా. గీ పిల్ల మందల పెరిగినట్టుంది. గీ డోలు తన కోసమే అనుకుంటాంది. గట్ల కాదని చెప్పు."

సుస్మిత రోడ్డు దాటింది. ఆ అమ్మాయే ముందుగా అడిగింది, ఈ నృత్యాన్ని ఏమంటారు, ఇది మా కోసమేనా అని. అవునంటే అయిపోయేది. అందరూ నవ్వుకుంటూ లోపలికి పోయేవాళ్ళు. పూజ పది అడుగుల దూరంలో ఉంది. డిగ్రీ అయ్యాక పద్దెనిమిదేళ్ళుగా హోంవర్కు దగ్గర తప్ప నోట పలకని ఇంగ్లీషులో సుస్మిత ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. ఇది మీ కోసం కాదు. ఇది వీళ్ళ సంత. ఆ గోడ వీళ్ళ సంత మీద కట్టారు. ఆ మాట అక్కడ వదిలేస్తే తప్పవుతుందనిపించి, వీళ్ళకు మీ మీద కోపం లేదు అని కూడా చెప్పింది.

మరి ఇప్పుడు అమ్మకాలు ఎక్కడని ఆ అమ్మాయి అడిగింది. లారీలు పోయే రోడ్డు పక్కన అంది సుస్మిత. ఆ అమ్మాయి లేచి తనవాళ్ళతో ఏదో చెప్పింది. ఒక్కొక్క ఫోనూ కిందికి దిగింది. చప్పట్లు ఆగేసరికి డోళ్ళు కూడా కాసేపు తడబడ్డాయి. ఆ అమ్మాయి బీరప్ప వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఇంతలో కోచ్ పిలిచాడు, వెళ్ళిపోయారు. జరిగింది అంతే.

కొద్దిసేపట్లో పరమేష్ సారు వచ్చాడు. సుస్మిత కళ్ళలోకి చూడలేకపోయాడు.

"మీరు మాట్లాడింది వీడియో తీసిండ్రు మేడం. నా చేతుల ఏం లేదు."

పూజ చేతిలోని పలక ఇంకో పిల్ల చేతికి మారింది. పూజ ఏడవలేదు. లంగా అంచు ఎత్తిపట్టుకుని గొర్రెల మధ్య నుంచి నడిచొచ్చి పంక్చర్ దుకాణం మెట్టు మీద కూర్చుంది. సుస్మిత పక్కనే కూర్చుంది. లోపల బ్యాండు మొదలైంది. మైకులో కెన్యా పేరు వినబడగానే లంగా కింద పూజ పాదాలు నేర్చుకున్న అడుగులు వేశాయి, ఎడమ, కుడి, ఎడమ, చప్పుడు లేకుండా.

"నన్నొక్క మాట అడగాల్సింది" అంది పూజ.

"టైమెక్కడుండె" అనబోయి సుస్మిత ఆగింది. పది అడుగులు నడిచి అడగడానికి సమయం ఉండింది.

"అడగలె" అంది.

"అడిగితే వద్దంటుంటి."

"తెలుసు."

"గందుకే అడగలేదా?"

"అవును" అంది సుస్మిత. వేరే జవాబేదీ నిజమయ్యేది కాదు. మంచిపనే చేశానని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తోంది. అయితే ఆ పనికి ఖర్చయింది తన సొంతం కాదు. పిల్ల నెల రోజుల ఎండ. ఈ రెంటిలో ఒకటి ఇంకోదాన్ని చెరిపేయడం లేదు.

బీరప్పకు ఎవరో చెప్పినట్టున్నారు, గబగబా వచ్చాడు. తనకెందుకు చెప్పలేదని కూతురిని కోప్పడ్డాడు. మనవరాలి తల మీద చెయ్యి వేయబోతే ఆమె పక్కకు జరిగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, గొర్రెలను చూసే నెపంతో లేని పని కల్పించుకుని వెళ్ళాడు.

ఆలస్యమైన శ్రీలంక జట్టు బస్సు వచ్చి మునుపటి చోటే ఆగింది. మళ్ళీ ఆడపిల్లలు దిగారు, మళ్ళీ ఫోన్లు పైకి లేచాయి. వాలంటీరు మళ్ళీ స్వాగత నృత్యమని చెబుతున్నాడు. అవతల నుంచి బీరప్ప ఈసారి పిలవలేదు.

సుస్మిత లేవలేదు. పూజ వైపు తిరిగింది.

"పోవాల్నా?"

పూజ గేటు వైపు చూసింది. శ్రీలంక పలక పట్టుకున్న పిల్ల మెడ నిటారుగా పెట్టి నిలబడి ఉంది.

"పో" అంది చివరికి. "కానీ గోడ ముచ్చట ముందుగాల చెప్పకు. గొర్లను చూపెట్టి ఇయ్యాల బుధవారం అని చెప్పు. తర్వాత వాళ్ళే అడుగుతరు."