కాకిబంగారం కొండ మీద భోజనం

నేను ఒక మూడు గిన్నెల ఇత్తడి క్యారియర్‌ని. గూడూరులో ఒక కంచరి ఆయన సుత్తి దెబ్బలతో నాకీ నడుమూ, గుండ్రటి పొట్టా వచ్చాయి. పెంచలమ్మ నన్ను కొనుక్కుని కాకిబంగారం గనికి తీసుకెళ్లింది. గనిలోంచి పైకొచ్చిన కాకిబంగారాన్ని, అంటే అభ్రకాన్ని, షెడ్డులో కూర్చుని కత్తితో పొరలు పొరలుగా విడదీయడం ఆమె పని. సాయంత్రానికి ఆమె కనురెప్పలు కూడా మెరిసేవి.

షెడ్డు ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం క్యారియర్లన్నీ వరసగా పెట్టేవారు. ఎవరిది వాళ్లు విప్పకూడదు, పక్కది తీసుకోవాలి. చెబితే నవ్వుతారు, నా గిన్నెల్లో షెడ్డంతా తిన్నది గానీ పెంచలమ్మ ఒక్కనాడూ తినలేదు.

ఒక వానాకాలం ఆమె ఇంట్లో గింజ లేదు. పరువు కోసం నన్ను ఖాళీగానే తెచ్చి వరసలో పెట్టింది. ఆ రోజు నేను షెడ్డులోనే పనిచేసే రవణమ్మ వంతుకొచ్చాను. రవణమ్మ మూత తీసి చూసింది. గోడవైపు తిరిగి, ఖాళీ గిన్నెలో వేళ్లు తిప్పుతూ, నమిలినట్టు నటించి, నన్ను కడిగి ఇచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. అవతల వేరొకరి అన్నం తింటున్న పెంచలమ్మ తల ఎత్తలేకపోయింది.

తర్వాత గని మూతపడింది. జలాశయం వచ్చి గని ఉన్న కొండను మూడు పక్కలా చుట్టేసింది. రవణమ్మ రాపూరు వెళ్లిపోయింది. నేను మెంతులు దాచుకునే డబ్బానయ్యాను.

మొన్న మాఘంలో పెంచలమ్మ నన్ను చింతపండుతో తోమింది. "ఆమె చేత ఒక్క ముద్ద తినిపించకపోతే నాకు నిమ్మళం లేదు" అని కోడలికి చెప్పి, రవణమ్మకు కబురు పెట్టింది. వస్తుందో రాదోనని తెల్లారినప్పటి నుంచి వీధిలోకి చూస్తూనే ఉంది.

రవణమ్మ వచ్చింది! చేపలవాళ్ల పడవలో ఇద్దరూ చిన్నపిల్లల్లా నీళ్లు చిమ్ముకున్నారు. ఎదురుగా కొండ. ఒకప్పుడు తట్టలతో పారబోసిన అభ్రకం ముక్కలు ఒడ్డంతా తళతళలాడుతున్నాయి. షెడ్డుకు నేల మాత్రం మిగిలింది. దాని మీదే కూర్చున్నారు.

"పద్ధతి పద్ధతేమే. నాది నువ్వు తీసుకో" అని పెంచలమ్మ నన్ను ముందుకు తోసి, రవణమ్మ తెచ్చిన పులిహోర డబ్బా తను తీసుకుంది.

రవణమ్మ గిన్నెలు విప్పింది. మామిడికాయ వేసిన చేపల పులుసు, అన్నం, అడుగున పూర్ణాలు.

"ఏందిమే ఇంత! పెళ్లోళ్లు ఎవురన్నా వస్తా ఉండారా?"

"ఆ రోజు నీకు ఖాళీ గిన్నె పెట్నాను కదమే. నలభై ఏళ్లుగా గొంతులో ముల్లు మాదిరి ఉండాది."

"ఓస్, అదా!" రవణమ్మ పకపకా నవ్వింది. "ఆ పొద్దు నాకు కడుపులో బాగాలేదు. నువ్వు విందు పెట్టినా తినేదాన్ని కాదు. గమ్మున నా పులిహోర తినుమే!"

పెంచలమ్మ నమ్మేసింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. రవణమ్మ పులుసు మూడుసార్లు కలుపుకుని, గిన్నె అడుగు వేలితో తుడిచి నాకింది.

ఆమె చెప్పింది పచ్చి అబద్ధం. ఆ రోజు నా మీద వంగినప్పుడు ఆమె కడుపు ఎంత గట్టిగా అరిచిందో విన్నదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నేళ్లూ దాచాను, ఇప్పుడు చెప్పి ఎవరి సంతోషం చెడగొట్టను? ఇద్దరూ నన్ను ఆ నీళ్లలోనే కడిగి బండమీద బోర్లించారు. ఎండ హాయిగా ఉంది.