అక్క పేరు మీది గొంతు

మా అక్క దుర్గవ్వ పోయిన ఏడు నెలలకు బ్యాండు మాస్టరు అంకుశం మామ మా ఒంటిగది ఖోలీకి వచ్చాడు. అక్క పాడిన క్యాసెట్‌కు తన పదహారు మంది బ్యాండు జోడించి, ఈ బతుకమ్మ పండక్కి కొత్త క్యాసెట్ తెస్తానన్నాడు. నా చేతిలోని చాయ్ గ్లాసు జారి కింద పడింది. అక్క మీద ప్రేమ అనుకున్నారందరూ. ప్రేమ లేదని కాదు గానీ, ఆ గ్లాసు జారింది భయానికి.

దాచి దాచి నా కడుపు ఉబ్బిపోయింది, మీకైనా చెప్పేస్తాను. ఆ క్యాసెట్‌లో ఐదు పాటలున్నాయి. మొదటి రెండూ మా అక్కవి. తర్వాతి మూడూ నావి.

పద్మనగర్‌లో బతుకమ్మ పాటంటే దుర్గవ్వే. కరెంటు మగ్గాల షెడ్డులో నలభై సాంచెలు టకటకా కొట్టుకుంటుంటే, నూలు కండెలు చుట్టుకుంటూ వాటి మోత మీదుగా వినిపించేలా పాడేది. రెండేళ్ల కిందట, రెండువేల ఒకటిలో, క్యాసెట్ల దుకాణం కనుకయ్య ఆమె పాటలు రికార్డు చేస్తానని టేపు పట్టుకొచ్చాడు. అప్పటికే ఇరవై ఏళ్ల దూది నుసి అక్క ఛాతీలో పేరుకుని ఉంది. "ఎదురుంగ మొగోళ్లు కూసుంటె నాకు పాట రాదు, నువ్వు బయటికి నడువు" అని కనుకయ్యను వెళ్లగొట్టింది. సిగ్గేమీ కాదు, దగ్గు దాచుకోవడానికి.

అప్పటికే టేపు తిరుగుతోంది. "వెంకవ్వా, తలుపు దగ్గరికెయ్" అని వాకిట్లో ఉన్న మా అవ్వను కేకేసింది. ఆ కేక క్యాసెట్ మొదట్లో ఇప్పటికీ ఉంది. మా అక్క కన్నతల్లిని పేరు పెట్టే పిలిచేది, మాటలు వచ్చినప్పటి నుంచీ అంతే. "నేను నిన్ను కన్ననా, నువ్వు నన్ను కన్నవా?" అని అవ్వ మురిసిపోతూ తిట్టేది. ఆ క్యాసెట్ అమ్మకానికి పోకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది; అక్క పోయాక ఆ ఒక్క కేక కోసమే అవ్వ రోజూ టేపు పెట్టించుకునేది.

రెండు పాటలయ్యేసరికి అక్కకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కొంగుతో మూతి తుడుచుకుంటే కొంగుకు నెత్తురంటింది. టేపు ఆపి నావైపు చూసింది.

"తక్కినయి నువ్వు పాడు. నీకన్ని వచ్చు."

"నేనా? కనుకయ్యన్న గుర్తువట్టడా?"

"ఇద్దరిదీ ఒక్క తీరు గొంతే. ఎవలికన్న చెప్తివా, అవ్వ మీద ఒట్టు."

తన మీద ఒట్టు పెడితే నేను లెక్కచేయనని దానికి తెలుసు. ఎక్కడ నొక్కితే నేను నోరు మూసుకుంటానో అక్కడే నొక్కింది మహాతల్లి.

ఒట్లకు మనుషులు చావరని నేనూ చాలాసార్లు అనుకున్నాను. అయితే ఒకసారి కండెలు చుడుతూ మైమరచి మూడో పాట కూనిరాగం తీశాను. ఆ సాయంత్రమే అవ్వ నల్లా దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కూనిరాగానికే మణికట్టు పోతే, నిజం చెప్తే ఏం పోతుంది? ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకున్నాను. పనిలో పాడను, పండగకు పాడను, నీళ్లు పోసుకుంటూ కూడా పాడను.

రికార్డింగు శుక్రవారం పెట్టుకున్నారు. శుక్రవారం సాంచెలు బంద్, షెడ్డంతా నిశ్శబ్దం. పాత టేపులోంచి అక్క గొంతు, మైకుల్లోంచి బ్యాండు, రెండూ కలిసి కొత్త టేపులోకి ఎక్కేలా కనుకయ్య వైర్లు పరిచాడు. టేపు పక్కన అక్క ఫోటో, ఫోటోకు దండ, కొబ్బరికాయ, అగర్‌బత్తీలు. పక్క ఖోలీ సుశీలాబాయి వదినె కుంకుమ పెట్టింది. అవ్వ కుర్చీ వేయించుకుని ముందు కూర్చుంది. నేను మగ్గం చాటున నిలబడ్డాను.

మొదటి రెండు పాటలు బాగానే ఎక్కాయి. మూడో పాటకు ముందు అంకుశం మామ వాద్యాలు దింపించి బ్యాండు వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇగ ఇది జాగ్రత్త. మొదటి రెండిట్ల దుర్గవ్వ గొంతు మూసుకపోయినట్టుంటది. గీ పాటకాడ చూడుండ్రి, తలుపు తీసినట్టు విచ్చుకుంటది. క్యాసెట్‌కు పానం గిదే. క్లారినెట్టు గట్టిగ ఊదితివా, బిడ్డా, మెడలిరుస్త."

నాకు ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. జీవితంలో మొదటిసారి ఒక మాస్టరు నా గొంతును మెచ్చుకుంటున్నాడు, అదీ చచ్చినదాని పేరు మీద. టేపు తిరిగింది. నా గొంతు పెట్టెలోంచి లేచింది, చుట్టూ ట్రంపెట్లు సన్నగా అందుకున్నాయి. ఎంత బాగుందో ఏం చెప్పను! సుశీలాబాయి కళ్లు తుడుచుకుని "ఆత్మ శాంతించాలె తల్లీ" అంటూ టేపుకు కొత్త అగర్‌బత్తీ వెలిగించింది. బతికుండగానే నాకు పొగ వేస్తున్నారు. రేపు క్యాసెట్ ఇంటింటికీ పోతే ఇక ఆ గొంతు అక్కదే, నేను నోరు తెరవడానికి ఉండదు. ఏడ్చినా రాగం రాకుండా ఏడవాలి.

రెండో చరణం మధ్యలో టేపు గర్రుమంది. గొంతు సాగింది, మూలిగింది, ఆగిపోయింది. కనుకయ్య మూత తీసేసరికి లోపల టేపంతా చక్రాలకు చుట్టుకుని నలిగి, తెగి, వేళ్లకు ముక్కలుగా వచ్చింది.

"కాపీ ఉన్నది గదా?" అని అడిగాడు అంకుశం మామ.

కనుకయ్య తల దించుకున్నాడు. "కాపీ తీస్తె గొంతు మసకబారుతదని తియ్యలేదే మామా."

అప్పుడు అవ్వ ఏడుపు అందుకుంది. అక్కను కాటికి తీసుకెళ్లిన రోజు కూడా అట్లా ఏడవలేదు. "మల్ల సచ్చిందే నా బిడ్డా, మల్ల సచ్చిందే" అని గుండెలు బాదుకుంటోంది. ఊపిరి అందడం లేదు, కళ్లు తేలేస్తోంది.

పాడితే ఒట్టుకు అవ్వ పోతుంది. పాడకపోతే ఈ ఏడుపుకే పోయేట్టుంది. నేను ఆలోచించి చేశానంటే అబద్ధం. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేసేటోళ్లు ఒకరమ్మ ఉయ్యాలో, కట్టేటోళ్లు ఇంకొకరు ఉయ్యాలో..."

తెగిన చోటే అందుకున్నాను, అదే శ్రుతిలో. చరణం పూర్తి చేసి కళ్లు తెరిచేసరికి బ్యాండంతా గోడకు అతుక్కుపోయి ఉంది. పెద్ద డోలు కొట్టే హనుమాండ్లు డోలు వదిలేసి గుమ్మం దాకా పరుగెత్తాడు. ఆరడుగుల మనిషి!

"దుర్గవ్వ వచ్చింది!" అని అరిచింది సుశీలాబాయి. "స్వర్ణను పూనింది!"

"నేను స్వర్ణనే వదినే! నేనే పాడిన!"

"మొదాల అందరు గట్లనే అంటరు. పసుపు తెండ్రి, ఏపమండలు తెండ్రి! ఎందుకొచ్చిందో చెప్పకుంటె మండలతోని కొట్టాలె!"

నా మొహం నిండా పసుపు పడింది. ఇద్దరు ఆడవాళ్లు నా జబ్బలు పట్టుకున్నారు. నేను పుట్టిన నాటి నుంచీ తెలిసిన వాళ్లే, నాకు దండాలు పెడుతున్నారు. నేను స్వర్ణను అన్నకొద్దీ వాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటున్నారు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నిజంగా ఇది పాడింది నేనేనా అని.

అవ్వ లేచింది. ఏడుపు ఆగిపోయింది. అందర్నీ జరగమని, నా రెండు చెంపలూ చేతుల్లోకి తీసుకుంది.

"దుర్గవ్వా, ఏం కావాలె బిడ్డా నీకు? అడుగు. ఏదడిగినా ఇస్తం."

షెడ్డంతా నా నోటికేసి చూస్తోంది. స్వర్ణగా అరిచి అరిచి గొంతు పోయింది, ఒక్కరూ వినలేదు. చచ్చినదాని మాటకైతే చెవులన్నీ తెరుచుకుని ఉన్నాయి.

"అవ్వా" అన్నాను. "ఆఖరు మూడు పాటలు నేను పాడలే. నాకు దగ్గొచ్చింది. అయి స్వర్ణ పాడింది. దాని పేరు దానికియ్యుండ్రి."

"మరి గిన్నొద్దులు అదెందుకు చెప్పలే?" అన్నాడు అంకుశం మామ దూరం నుంచే.

"నేనే చెప్పద్దన్న. అవ్వ మీద ఒట్టు వెట్టిన. ఆ ఒట్టు తీసి గట్టు మీద వెడుతున్న."

అవ్వ వెనక్కి తిరిగింది. "ఇన్నరా అందరు? కనుకయ్యా, అట్ట మీద ఇద్దరి పేర్లెయ్యి. అంకుశం, తెగిన పాటలు స్వర్ణతోని పాడిచ్చుకో. సచ్చినదాని కోరిక, కాదంటె మీ ఇష్టం."

కాదనే ధైర్యం ఎవరికుంది? మరుసటి శుక్రవారం ఆ మూడూ బ్యాండుతో కలిసి నేనే పాడాను. అక్కవి రెండు పాటలూ, ముందున్న ఆ కేకతో సహా, కొత్త టేపులో భద్రంగానే ఉన్నాయి. పండగకు పది రోజుల ముందు క్యాసెట్ దుకాణానికి వచ్చింది, అట్ట మీద ఫోటో అక్కది, పేర్లు ఇద్దరివీ.

సంతోషపడాలి కదా! నాకు నిద్ర లేదు. ఒట్టు తీసింది అక్క కాదు, నేను. పెట్టినదాని వేషం వేసి నేనే తీసుకున్నాను. అవ్వ దగ్గితే లేచి కూర్చుంటున్నాను. నల్లాకు పోతే వెనకే పోతున్నాను. మెట్లు దిగుతుంటే కొంగు పట్టుకుంటున్నాను. అన్నం ముద్ద గొంతు దిగేదాకా చూస్తున్నాను.

క్యాసెట్ వచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం అవ్వ చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ విసుక్కుంది.

"ఏందే, కోడిపిల్ల తీరు నా ఎంబడి తిరుగుతున్నవ్?"

ఇక ఆగలేకపోయాను. కాళ్ల మీద పడి మొత్తం చెప్పేశాను. పూనకం లేదు, అక్క రాలేదు, అబద్ధమాడాను, నీకేమన్నా అయితే నేను బతకను అని వెక్కి వెక్కి ఏడ్చాను.

అవ్వ చేతి పని ఆపలేదు.

"మీ అక్క పుట్టి బుద్ధెరిగినంక నన్ను ఏనాడన్న 'అవ్వా' అన్నదా?"

నేను కాళ్ల మీది నుంచి తల ఎత్తి చూశాను.

"నువ్వు నోరు తెరిచి 'అవ్వా' అనంగనే ఎరుకైంది నాకు. మీ అక్కైతె 'వెంకవ్వా' అంటుండె."

"మరి అందరి ముంగట..."

"స్వర్ణ చెప్తె ఇన్నరా ఎవలన్న? దుర్గవ్వ చెప్తె ఇన్నరు." ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "పోయినదాని పేరు పోలే, ఉన్నదాని పేరు ఉన్నది. ఇంకేం కావాలె?"

"మరి ఒట్టు?"

"పానం నాది. నన్నడగకుంట నా మీద ఒట్లు వెట్టుకునేటందుకు మీరిద్దరు ఎవలు? నేనే తీసేసిన, పో. ఇల్లు బోసిపోయినట్టున్నది, ఆ మూడో పాట పాడు."

గొంతు సవరించుకుని అందుకున్నాను. చరణం చరణానికీ అవ్వ మొహం చూస్తూనే ఉన్నాను. అవ్వ తల ఊపుతూ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.