సరాబు గవరయ్య సీసపు నాణెములు

వర్షర్తువు వెడలిపోయి శరత్కాలము ప్రవేశించినంతనే కృష్ణవేణి తన కలుషోదకముల వేగము నుపసంహరించుకొని ప్రసన్నసలిలయై సాగరాభిముఖముగ మెల్లమెల్లగ నడచుచుండెను. కాలువగట్ల యందలి రెల్లుపూవులు పిల్లగాలికిఁ దలలూఁచుచు వింజామరల శోభ వహించెను. వానలకు మూఁతపడిన యంగళ్ళు తలుపులు తెఱచుకొనఁగా దూరదేశముల నుండి యరుదెంచిన వణిజుల కోలాహలముతోడను అద్దకపుఁ దెరల రంగులతోడను బందరు పెదబజారు కన్నులపండువై యుండెను.

అట్టి బజారున నొకమూల నల్లఱాతి పలక ముందిడుకొని సరాబు కొత్తమాసు గవరయ్య కూర్చుండును. పలువురు ప్రభువుల పలుతెఱఁగుల నాణెములు చెలామణి యగుచుండిన యా కాలమున వరహా మంచిదో చెడ్డదో రూపాయ యసలో నకిలీయో తేల్చి చెప్పుటయే సరాబు వృత్తి. గవరయ్య నాణెమును పలకపైఁ బడవైచి మ్రోఁత విని యొఱగల్లుపై గీటి చిన్నత్రాసునఁ దూఁచి చెల్లు ననియో చెల్ల దనియో యొక్కమాట పలికెనేని ముప్పది యేండ్లలో నొకమాఱైన నా మాట తిరిగి యుండలేదు. అనవరతము కపటాన్వేషణమున నిమగ్నమైన యతని బుద్ధి క్రమక్రమముగ మనుష్యులను సైతము నాణెములను వలెనే చూడ నభ్యసించెను. నవ్వువాని కడుపులో నేదో మోస మున్నదనియు నేడ్చువాఁడు వానికన్న నేర్పరి యనియు నతని సిద్ధాంతము. ఇల్లాలు కామమ్మ కాచి తెచ్చిన పాలనైనను వాసన చూడక త్రాగువాఁడు కాఁడు. ఆ సాధ్వి యొకనాఁడు విసిగి "పోనీ మిమ్మల్ని మీరైనా నమ్ముతారా?" యని యడుగఁగా నతఁడు చేతిలోని పాలను మఱల వాసన చూచెను.

ఒకనాఁటి యుదయమున నాంచారి యను నడివయసు స్త్రీ యతని యంగడి ముందఱ వచ్చి నిలిచెను. కంసాలివీథుల మన్నును గాలువలయొడ్డుల యిసుకను గొయ్యదొప్పలోఁ బోసి కడిగి యడుగునఁ జిక్కిన బంగారు రజనుతోఁ బొట్ట పోసికొనుట యామెకు వంశపారంపర్యముగ వచ్చిన పని. పెనిమిటి గతించిన పిమ్మట నేడేండ్లుగా నొంటరిగ నా పనియే చేసికొని బ్రదుకుచుండెను. ఆమె కొంగుముడి విప్పి యొక నాణెము తీసి పలకపై నుంచెను.

"సెట్టిగారూ, పాటిదిబ్బ కాడ మట్టి కడుగుతుంటే దొరికింది. ఇదేమన్నా చెల్లుద్దేమో చూసి పెట్టండి" అనెను.

పాటిదిబ్బ యనునది పట్టణమునకు రెండుక్రోశముల దూరమున నున్న మిట్ట. పూర్వ మెన్నఁడో యచట నొక యూరుండి నశించెనని వాడుక. అచటి మన్ను సారవంతమని రైతులు బండ్లతోఁ ద్రవ్వి చేలకుఁ దోలుకొందురు. గవరయ్య యా సంగతి యెఱుఁగును. ఎఱిఁగియు నతని దృష్టి మిట్టమీఁదికిఁ బోక నాణెముపైని నాంచారి మొగముపైని మార్చిమార్చి తిరుగుచుండెను. బొటనవ్రేలి గోరంతయున్న యా బిళ్ళపై నొకవైపున రెండు తెరచాపకొయ్యల యోడయు వేఱొకవైపున నెవ్వరికిని దెలియని యేవో గుఱుతులును నుండెను. పలకపైఁ బడవైచినంత మ్రోఁత లేక మట్టిబెడ్డవలె నడఁగియుండెను. అది సీసము.

"ఎవరిచ్చిరే నీకిది?" యని యతఁడు గద్దించెను.

"ఎవురూ ఇయ్యలేదు బాబూ, మట్టే ఇచ్చింది."

ఆ నిశ్చింతమైన ప్రత్యుత్తరమే గవరయ్య యనుమానమునకు నెయ్యి పోసినట్లయ్యెను. సీసమునకు వెండిపూఁత పూసిన దొంగరూపాయల నతఁ డెన్నింటినో చూచెను గాని పూఁతయే లేక వట్టి సీసముపై నింత శ్రద్ధతో నోడబొమ్మ ముద్రించిన వాని నెన్నఁడును జూచి యుండలేదు. క్రొత్తగా వెలసిన నకిలీనాణెముల ముఠా యేదో తన యచ్చులను ముందుగ మెత్తని సీసముపై సరిచూచుకొనుచున్నదనియు నీ యాఁడుది వారి పనుపున బజారు సరాబు కంటిచూపు పరీక్షింప వచ్చినదనియు నతనికిఁ దోఁచెను. తోఁచినదే తడవుగా మొగమునఁ జిఱునగవు తెచ్చిపెట్టుకొని యామె చేతిలో రెండు డబ్బులుంచి "ఇట్టివి మఱియు దొరకినచో నాకే తెచ్చి యిమ్ము. ఎవరితోను జెప్పకుము" అనెను. నాంచారి ధర్మాత్ముఁడని యతనికి దండముపెట్టి వెడలిపోయెను.

కార్తికము గడచి మార్గశిరము వచ్చునప్పటికి నట్టివి నలువదియొక్క నాణెములు చేరెను. గవరయ్య వానిని టేకుచెక్కతోఁ జేసిన గళ్ళపెట్టెలో నమర్చెను. ఓడలు గలవి యొక వరుసను ఏనుఁగులు గలవి యొక వరుసను బెట్టి తొండ మెత్తిన యేనుఁగులను దించిన వానినుండి వేఱుపఱచి చెక్కినవాని చేతివాటము కనిపెట్టఁ జూచుచుండెను. దొంగను బట్టుటకై యారంభించిన యా పని మెల్లగ నతని దినచర్యయందలి ప్రథమకృత్య మయ్యెను. స్నానమైన వెంటనే పెట్టె తెఱచును. క్రొత్తబొమ్మ దొరకిననాఁడు భోజనము మఱచును. ఇది యేమి వింత యని కామమ్మ యడిగినచో "నేరస్థుల జాడ" యని ముక్తసరిగఁ బలికి మూఁతవేయును. తాను సంతోషించుచున్నానను సంగతి యా సంశయాత్ముని కెవ్వరు చెప్పిరి గనుక!

కడపట నొకనాఁ డతఁడు ఠాణాకుఁ బోయి యమీను గులాం దస్తగీరు సాహేబునకు సర్వము నివేదించెను. అమీను జవానులతో వెడలి నాంచారి గుడిసె సోదాచేయఁగా లోహము కరఁగించు నొక మట్టిమూసయుఁ దోలుతిత్తియుఁ జిన్నబుడ్డిలోఁ బాదరసమును దొరకెను. బంగారు రజనును బాదరసముతోఁ జేర్చి కరఁగించుట కవి యామెకు నిత్యోపకరణములు. అమీను కంటికి మాత్ర మవి దొంగటంకసాల పనిముట్లయ్యెను. మూస పగిలెను. దొప్ప చీలెను. నాంచారిని ఠాణాకుఁ గొనిపోయిరి. నేరము స్థిరపడెనేని పదేండ్లు చెఱసాల తప్పదు.

మఱునాఁటి ప్రొద్దున గవరయ్య తన గళ్ళపెట్టెతో ఠాణాలోఁ గూర్చుండెను. ఎదుట గోడవార నాంచారి యేడ్చి యేడ్చి వాచిన కన్నులతో నతని వంకకే చూచుచుండెను. అమీను కాగితము ముందుంచి వినయముగ "సేఠ్‌గారూ, మీ మాటకు తిరుగు లేదు. ఇవి నకిలీలని వ్రాసి దస్కతు చేయండి. అట్లనే యే నాణేనికి నకిలీయో దాని పేరు కూడా వ్రాయవలె" ననెను.

గవరయ్య కలము సిరాలో ముంచి కాగితముపై నానించి యట్లే నిలిచిపోయెను. ఏ నాణెమునకు నకిలీ? వరహాకుఁ గాదు. ఏ నవాబు రూపాయకును గాదు. నకిలీ చేయువాఁడు చెల్లెడు దానికి నకిలీ చేయును గాని యెందును లేనిదాని కేల చేయును? అతఁడు పెట్టె తెఱచి నాణెములను బల్లపైఁ బఱచి వెలుతురున మొట్టమొదటిసారి నిందితులుగఁ గాక నాణెములుగఁ జూచెను. ఓడల తెరచాపకొయ్యల కొనలు నేనుఁగుల కుంభస్థలములు నరిగి నునుపై యుండెను. ఆకురాయితో నట్టి యరుగుడు రాదు. వేలకొలఁది చేతులు మాఱి సంతలయందును రేవులయందును మొలలయందును దిరిగిన నాణెమునకుఁ గాని యట్టి నునుపు రాదు. ముప్పది యేండ్లు నాణెములఁ బట్టిన వ్రేళ్ళు మొదటి దినముననే యా సంగతి యతనికిఁ జెప్పియుండును. అనుమానము విననీయలేదు.

"అమీనుగారూ, నన్నొకమాఱు పాటిదిబ్బకుఁ దీసికొనిపొండు" అని యతఁడు కలము దించి పలికెను.

దిబ్బపై రైతులు త్రవ్విన గోతిలో నిలువెత్తు లోతున హస్తప్రమాణములైన యిటుకలతోఁ గట్టిన ప్రాఁతగోడ యొకటి కానవచ్చెను. జవానులు వెంటఁ గొనివచ్చిన నాంచారి చూపిన తావున గవరయ్య పంచె యెగఁగట్టి స్వయముగ దిగి గోడ పునాదిక్రింది మన్నును వ్రేళ్ళతోఁ గెలికెను. పగిలిన కడవపెంకు నడుమ నతని చేతికి మూఁడు సీసపు బిళ్ళలు తగిలెను. గోడ వాని మీఁదఁ గట్టఁబడియుండెను. ఆ గోడ కట్టినవారి కాలముననే యవి ప్రాఁతవై యుండవలెను.

గోతి యంచున నిలిచిన యమీను "ఏమంటారు సేఠ్‌గారూ?" యని యడిగెను.

రైతులును జవానులును వినుచుండఁగా గవరయ్య తల యెత్తి "ఇవి నకిలీలు గావు. ఇవి చెల్లిన రాజ్యము పోయినది గాని నాణెములు పోలేదు. తప్పు నాది. ఈమెను విడిచిపెట్టుఁడు" అనెను. ఆ రెండు మాటలు పలుకుటకు ముప్పదియేండ్ల ప్రతిష్ఠ నతఁడు వెల యిచ్చెను. గవరయ్య మాటయుఁ దిరిగె నను వార్త సాయంకాలమునకు బజారెల్ల వ్యాపించి కొందఱు వర్తకులు మఱునాఁటి నుండియే వేఱొక సరాబు కడకుఁ బోవ సాగిరి.

గోతినుండి వెలువడి యతఁడు నాంచారి యెదుట నిలిచి మూసకును దొప్పకును వెల యిత్తునని యేదో చెప్పఁబోయెను. ఆమె యడ్డుపడి "నాణెం మోగితే నమ్ముతారు మీరు. నేనంత మొత్తుకున్నా నమ్మలేదు గదా సెట్టిగారూ" అనెను.

పిదప నతఁడు జీవించిన పదునెనిమిదేండ్లును అక్కఱకు రాని యా నాణెములనే కూర్చుచుండెను. వాని లిపి చదువలేకపోయెను. వాని రాజుల పేళ్ళు తెలియకయే పోయెను. ఐనను సీసపువియు రాగివియుఁ గలసి యేడువందలకుఁ బైగాఁ జేరెను. నౌకలపై వచ్చిన వారును బండితులును వానిని జూచిపోవఁ దొడఁగిరి. వారిఁ జూచి బందరున మఱినలువు రైదుగురు ప్రాఁతనాణెములు ప్రోగుచేయ మొదలిడిరి.

నాంచారియు వచ్చుచునే యుండెను. ఐనను దెచ్చిన నాణెమును దొల్లింటివలెఁ జేతి కీయదు. పలకపై నుంచి దానిమీఁదఁ దన చూపుడువ్రేలు గట్టిగ నొక్కిపట్టి తానడిగిన వెల రెండవచేతఁ బడువఱకు నా వ్రేలెత్తదు. బజారు వారు చూచి నవ్వుదురు. గవరయ్య నవ్వఁడు. ఆమె యనుమానమునకు మూల మెవరో యెఱిఁగినవాఁడగుటచే నెంతసేపైనను నా వ్రేలు లేచువఱకుఁ దలవంచి యోపికతోఁ గనిపెట్టుకొని యుండును.