వణుకు ముక్క

మా వియ్యపురాలు డాఫ్నీ దగ్గర అన్నింటికీ ఏడాది టిక్కెట్టు ఉంది. కోటకు ఉంది, చేపల అక్వేరియానికి ఉంది, ఆవిరి రైలుకు ఉంది, కొండ మీద జింకల పార్కుకూ ఉంది. భర్త పోయాక ఎడిన్‌బరాలో ఇల్లు అమ్మేసి మా ఊరు కిల్‌బ్రానక్‌కు వచ్చి, రేవు ఎదురుగా మేడ కొనుక్కుంది. అప్పటి నుంచీ ప్రతి శనివారం నా మనవరాలు మిర్రెన్‌ను కారెక్కించుకుని ఏదో ఒక వింత చూపించడానికి బయలుదేరుతుంది. ఆదివారం పొద్దున పిల్ల నా దగ్గరికొస్తే ఇక నోరంతా నానమ్మే. నానమ్మ సీల్ చేపల దగ్గరికి పడవలో తీసుకెళ్ళిందట, నానమ్మ కోటలో చెక్క కత్తి కొనిపెట్టిందట. ఆ కోట నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. పిల్ల చెబుతుంటే మాత్రం దాన్ని డాఫ్నీయే కట్టించినట్టుంటుంది.

కడుపు మండదూ? మండుతుంది. నేను దేవతను కాను.

నాకున్నదల్లా మా ఊరి కొలను. ఒడ్డున రాళ్ళ మధ్య మా తాతల కాలంలో గోడ కట్టారు. పోటు వచ్చినప్పుడు సముద్రం గోడ దాటి లోపలికొస్తుంది, ఆటుకు వెనక్కి పోయినా కొలనులో నీళ్ళు నిలిచిపోతాయి. దానికి టిక్కెట్టు లేదు, వేడి నీళ్ళు లేవు, ఆగస్టులో కూడా దిగితే చలి ఎముకలు కొరుకుతుంది. దాని పక్కన టీ కొట్టు నాదీ, సెంగాదీ. సెంగా నాతో బడికెళ్ళిన మనిషి. దాని నోటికి తాళం లేదు.

కిందటి వేసవంతా మిర్రెన్‌కు అక్కడే ఈత నేర్పాను. పిల్ల ఉప్పు నీళ్ళు తాగింది, ఏడ్చింది, నన్ను తిట్టింది, మళ్ళీ దిగింది. బయటికి రాగానే ప్రతిసారీ వణుకు ముక్క పెట్టాను. వణుకు ముక్క అంటే ఏమీ లేదు, రెండు రొట్టె ముక్కల మధ్య వెన్న రాసి చక్కెర చల్లి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకోవడమే. పళ్ళు టకటకలాడుతూ బయటికొచ్చిన పిల్ల నోట్లో, తువ్వాలు కప్పక ముందే అది పెట్టాలి. నమలడం మొదలుపెడితే వణుకు తగ్గుతుంది. మా ఊళ్ళో అందరిళ్ళలోనూ ఉన్న అలవాటే. మా అమ్మ నాకు పెట్టింది, నేను నా కూతురు షోనాకు పెట్టాను.

ఆగస్టు చివరి ఆదివారం కొలను పండుగ. ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలు ఒక్కొక్కరే గోడ మీంచి దూకి అవతలి మెట్ల దాకా ఈదాలి. మెట్ల మీద ఒక్కో పిల్లకు వణుకు ముక్కతో ఒక్క మనిషే నిలబడాలి. ఎవరు నిలబడాలో ఆ పిల్లే చెప్పాలి. మా ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ కూడా ఫలానావాడికి మెట్ల మీద ఫలానా ఆవిడ నిలబడిందని చెప్పుకుంటారు. మిర్రెన్‌కు నేనే నిలబడతానని నాకు అనుమానమే లేదు. ఆ రోజు కోసమని ఆకుపచ్చ ఊలుతో స్వెటర్ కూడా అల్లుకున్నాను.

పండుగకు వారం ముందు షోనా ఇంట్లో అందరం టీ తాగుతున్నాం.

"ఏమ్మా మిర్రెన్, మెట్ల మీద ఎవరో చెప్పేస్తే పేరిచ్చి వస్తాను," అంది షోనా.

నేను అప్పటికే నవ్వు మొహం పెట్టేసుకున్నాను.

"నానమ్మ," అంది పిల్ల.

డాఫ్నీ తాగుతున్న కప్పు సాసర్ మీద పెట్టేసింది. "నేనా? నేనెందుకు బంగారం? నాకు అసలు ఈతే రాదు కదా. మీ అమ్మమ్మ ఉందిగా?"

"నువ్వే," అంది పిల్ల, కేకు మీది క్రీము వేలితో తీసుకుంటూ.

ఎందుకే అని అడగొచ్చు. నేను అడగలేదు. "మంచిదే. డాఫ్నీ కూడా మా కొలను చూసినట్టుంటుంది," అన్నాను.

మర్నాడు కొట్టులో సెంగాకు చెబితే అది టీ వడపోస్తూ పకపకా నవ్వింది. "వేసవంతా నీళ్ళలో నానింది నువ్వు, పేరు కొట్టేసింది ఆవిడా? పాపం ఎఫీ! మొహం చూడు, మాడిన కేకులా పెట్టుకున్నావు!"

"నాకేం బాధ లేదు."

"లేదులే. ఆ కప్పు కింద పెట్టు, పగిలిపోతుంది."

పండుగ రోజు ఎండ కాసింది. బ్యాండు వాళ్ళు వచ్చారు, కేకుల బల్ల వేశారు, సీగల్ పక్షులు పిల్లల చేతుల్లో చిప్స్ లాక్కుపోతున్నాయి. నేను ఆకుపచ్చ స్వెటర్ వేసుకునే వెళ్ళాను. అల్లింది నేనేగా, ఎందుకు దాచాలి? డాఫ్నీ మీగడ రంగు ప్యాంటులో, తెల్లటి కొత్త బూట్లతో, పెద్ద వెదురు బుట్ట మోసుకుంటూ మా కొట్టు దగ్గరికొచ్చింది. పెదాలకు రంగు వేసుకుంది గానీ మొహంలో నెత్తురు లేదు.

"ఎఫీ, అక్కడ నేనేం చెయ్యాలి?"

"నిలబడాలి."

"అంతేనా?"

"పిల్లను ముట్టుకోకూడదు. మెట్టును అదే ముట్టుకోవాలి. మీ చెయ్యి తగిలిందంటే ఈదినట్టు లెక్కే కాదు."

"పిల్లకు ఏదైనా తినడానికి తీసుకురమ్మంది షోనా. తెచ్చాను చూడండి," అంటూ బుట్ట మూత తీసింది. స్ట్రాబెర్రీలు, చేప ముక్కల శాండ్‌విచ్‌లు, ఫ్లాస్కు నిండా సూపు, ఎడిన్‌బరా నుంచి తెప్పించిన కేకు, గుడ్డ న్యాప్‌కిన్లు కూడా ఉన్నాయి.

"బాగుంది," అన్నాను.

ఆవిడ వెళ్ళి గడ్డి మీద దుప్పటి పరిచి, బుట్టను దాని మధ్యలో పెట్టింది. తువ్వాలు ఒక్కటే భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచింది. రెండు చేతులూ ఖాళీ. సెంగా కూడా చూసింది.

"ఏమే, వణుకు ముక్క సంగతి ఆవిడకు తెలీదల్లే ఉంది. చెప్పవా?"

"అన్నింటికీ టిక్కెట్టు ఉందిగా ఆవిడకు. దీనికీ ఉంటుందిలే."

"అబ్బో!" అంది సెంగా. నా ఏప్రాను జేబులో కాగితం పొట్లం ఉంది. చెయ్యొద్దనుకుంటూనే పొద్దున్నే చేసి పెట్టుకున్నాను. చేతికి అలవాటైపోయిన పని మరి. మిర్రెన్ వణుకుతూ బయటికొస్తుంది, ఆవిడ ఖాళీ చేతులు చూస్తుంది, ఊరంతా చూస్తుంది, అప్పుడు నేను జేబులోంచి తీస్తాను. ఆ ఊహే నాకు వేడి వేడి టీ తాగినంత హాయిగా ఉంది.

మిర్రెన్ వంతు వచ్చేసరికి సముద్రం మీంచి పొగమంచు కదిలింది. మా తీరంలో అది అంతే, చెప్పాపెట్టకుండా వస్తుంది. పిల్ల గోడ మీంచి దూకింది. నాలుగు బారలు వేసిందో లేదో, కొలను సగం తెల్లగా మూసుకుపోయింది. బ్యాండు ఆగిపోయింది.

నాకేం భయం వెయ్యలేదు. నీళ్ళ మీద పడుతున్న చేతుల చప్పుడు వినబడుతూనే ఉంది. అది నేను నేర్పిన బారే. కుడి చెయ్యి కొంచెం గట్టిగా కొడుతుంది పిల్ల, ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. కానీ డాఫ్నీకి అవేమీ తెలియవు కదా.

"మిర్రెన్!" అని ఒక్క కేక వేసింది. మెట్టు దిగింది. నాచు పట్టిన మెట్లు అవి. ఇంకోటి దిగింది. తెల్ల బూట్లు మునిగాయి, మీగడ ప్యాంటు మునిగింది, నడుము దాకా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఈత రాని మనిషి! ఒక చేత్తో ఇనుప కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి పొగమంచులోకి చాపి, "నేనిక్కడున్నానమ్మా, ఇటు రా, ఇటు," అంటోంది. ఆ గొంతు విన్నవాళ్ళెవరూ నవ్వలేదు.

నాకు మాత్రం ఏమనిపించిందో చెప్పనా? అందులోనూ ఆవిడే గెలిచిందనిపించింది. నేను నిలబడి ఉంటే పొడి కాళ్ళతో పొడి మెట్టు మీద నిలబడేదాన్ని. పిల్ల జీవితాంతం చెప్పుకోవడానికి ఏముంటుంది అందులో?

"నానమ్మా, ముట్టుకోకు! ముట్టుకోకు!" పొగమంచులోంచి మిర్రెన్ అరిచింది. పిల్ల తల కనిపించింది. డాఫ్నీ చాపిన చేతిని తప్పించుకుని, పక్కనుంచి వచ్చి మెట్టు మీద అరచేత్తో ఫట్‌మని కొట్టింది. ఊరంతా చప్పట్లు. డాఫ్నీ ఏడ్చేసింది.

పిల్ల పైకొచ్చి నిలబడింది. పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. అలవాటు ప్రకారం నోరు తెరిచింది. డాఫ్నీ తువ్వాలు కప్పబోయింది.

"ము... ముక్క ఏదీ?"

"ఏ ముక్కమ్మా?"

"వణుకు ముక్క!"

డాఫ్నీ తన ఖాళీ చేతుల వంక చూసుకుంది, దూరంగా గడ్డి మీద ఉన్న బుట్ట వంక చూసింది. జనంలో ఎవరో అయ్యో అన్నారు, ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఎదురుచూసింది సరిగ్గా ఇదే. జేబులోంచి పొట్లం తీసి చెయ్యి పైకెత్తాను. మిర్రెన్ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చేసింది. ముక్క నోట్లో పెట్టాను. చల్లటి వేళ్ళతో నా మణికట్టు పట్టుకుని నమిలింది. సెంగా నా నడుము మీద మోచేత్తో పొడిచింది. గెలిచాను కదా! ఇంత గెలిచీ, అడగకూడదనుకున్నది అడిగేశాను.

"మరి మెట్ల మీదికి నన్నెందుకు పిలవలేదే?"

పిల్ల నములుతూనే, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు చెప్పింది. "నువ్వు పిలవకపోయినా వస్తావుగా అమ్మమ్మా. నానమ్మ పిలిస్తేనే వస్తుంది. ఆవిడకు నీళ్ళంటే భయం."

పిల్ల నా చేతిలో మిగిలిన ముక్క వంక చూసింది. "ఇది నాకేనా?"

"నీదే. నీది కాకపోతే ఇంకెవరిదే?"

"అయితే సరే," అని అది లాక్కుని మెట్ల వైపు పరుగెత్తింది. డాఫ్నీ అక్కడే కూలబడి ఉంది, నడుము దాకా నీళ్ళోడుతూ, పళ్ళు టకటకలాడిస్తూ. తెచ్చిన ఒక్క తువ్వాలూ పిల్ల ఒంటి మీద ఉంది. అందరూ మిర్రెన్‌నే చూస్తున్నారు, ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

"నోరు తెరువు నానమ్మా. మాట్లాడకూడదు, ముందు నమలాలి," అంటోంది పిల్ల. డాఫ్నీ నోరు తెరిచింది. పెదాల రంగుకు చక్కెర అంటుకుంది.

నేనూ వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? ఏప్రాను విప్పి, స్వెటర్ తల మీంచి లాగేసి, ఏప్రాను భుజాన వేసుకున్నాను.

"చేతులెత్తండి."

"వద్దు ఎఫీ, తడిసిపోతుంది. కొత్తదల్లే ఉంది."

"ఎత్తమన్నానా!"

చిన్నపిల్లలా రెండు చేతులూ పైకెత్తింది. తొడిగాను, కాలరు సర్దాను. లోపల ఆవిడ ఒళ్ళంతా వణుకుతోంది. చూస్తే అది ఆవిడ కోసమే అల్లినట్టు కొలతకు సరిగ్గా కూర్చుంది.

"ఎఫీ!" కొట్టులోంచి సెంగా అరిచింది. "ఆ ఆకుపచ్చ రంగు ఆవిడకు భలే నప్పిందే!"

నప్పింది. నాకన్నా బాగా నప్పింది. పొగమంచులో పొట్టి చేతుల చొక్కాతో నిలబడ్డాను, నాకూ పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. ఏప్రాను జేబులోంచి ఖాళీ కాగితం తీసి, మడతల్లో మిగిలిన చక్కెర వేలితో అద్దుకుని నాక్కుంటూ, ఆ ఇద్దరి వంకే చూస్తూ నిలబడ్డాను. అంత చలిలోనూ ఒళ్ళు మండిపోయింది.