దూదితో దాచిన కోడి

ఆల్డర్ లేక్ ఊళ్ళో నవంబరు వచ్చిందంటే ఒకటో తరగతి పిల్లల వేళ్ళకి జిగురు వదలదు. ఆర్డిస్ టోలెఫ్సన్ టీచరు ఇరవై రెండేళ్ళుగా అదే గదిలో అదే పని చేయిస్తోంది. కాగితం మీద పిల్ల చెయ్యి ఆనించి చుట్టూ పెన్సిలుతో గీస్తే బొటనవేలు టర్కీ కోడి తలవుతుంది, మిగిలిన నాలుగు వేళ్ళూ ఈకలవుతాయి. ఈ ఏడాది ఎవరికి, దేనికి కృతజ్ఞతలు చెప్పుకోవాలో ఒక్కో ఈక మీద ఒక్కో మాట రాయాలి. అది అయ్యాక, థ్యాంక్స్‌గివింగ్ పండుగకి కోసి వండడానికి రైతు పట్టుకుపోకుండా ఆ కోడికి మారువేషం వెయ్యాలి. గుండీలు అతికించి ఒకడు దాన్ని మంచుమనిషిని చేస్తాడు. నారింజ రంగు పూసి ఒకతె గుమ్మడికాయ అంటుంది. కింద పిల్లల పేర్లతో అన్నీ వరండా గోడకి ఎక్కుతాయి.

ఆ ఏడు టిల్లీ అనే పిల్ల తన కోడిని దూదితో కప్పేసింది. తల కనపడదు, ఈకలు కనపడవు, రాసిన మాటలు అసలే కనపడవు. తెల్లటి ముద్ద ఒకటి, అంతే.

"ఇదేం వేషమమ్మా?" అని అడిగింది టీచరు.

"మంచు."

"కళ్ళయినా పెట్టవా?"

"కళ్ళు పెడితే కోడని తెలిసిపోతుంది టీచర్. ఉత్త మంచునెవరూ వెతకరు."

ఆర్డిస్ నవ్వేసి ఆ బొమ్మని కూడా గోడకి తగిలించింది. నవ్వినంత సేపూ లోపల ఏదో చిన్న ముల్లు కదిలినట్టే ఉంది.

టిల్లీ ఆ బడికి వచ్చి నెల రోజులే అయింది. తల్లి షెల్బీ, ఊళ్ళో వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేస్తోంది. చేర్చిన రోజు ఆఫీసులో కాగితాలు నింపుతూ, పిల్ల ఫోటో ఎక్కడా పెట్టకూడదన్న చోట కలం రెండుసార్లు నొక్కి గీసింది. తరవాత టీచరుని పక్కకి పిలిచి, ఎవరైనా మా గురించి అడిగితే ఇలాంటివాళ్ళు ఇక్కడ లేరని చెప్పండి, దీని నాన్న మా దగ్గరికి రాకూడదన్న కోర్టు కాగితం ఇంకా చేతికి రాలేదు అని గొంతు తగ్గించి చెప్పింది. ఆమె ఎడమ చెయ్యి సరిగ్గా మడతపడడం లేదని ఆర్డిస్ అప్పుడే చూసింది. ఇంకేం అడగలేదు. మాట మాత్రం ఇచ్చింది.

ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాననే అనుకుంది. ఫోటోల రోజున టిల్లీని లైబ్రరీకి పంపించింది. సెల్‌ఫోన్లు పట్టుకొచ్చే తల్లుల్ని గుమ్మం దగ్గరే ఆపింది. అయితే ఆ ఊళ్ళో ఇంకో ఆనవాయితీ ఉంది. పండుగ ముందు వారం ఒకటో తరగతి పిల్లలు చెప్పే టర్కీ కోడి వంటకాలన్నీ ఊరి వారపత్రికలో ఒక పేజీ నిండా వేస్తారు. పిల్లలు నోటికొచ్చింది చెబుతారు, టీచరు పొల్లు పోకుండా రాస్తుంది. కోడిలో ఐస్‌క్రీము పొయ్యమని ఒకడు, పొయ్యి మీద వంద రోజులు ఉంచమని ఒకడు. అమ్మమ్మలు ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంటారు. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు కంప్యూటర్లో చదివి కళ్ళు తుడుచుకుంటారు.

టిల్లీ ఇలా చెప్పింది:

"ఓపల్ నాయనమ్మ కోడిని స్నానాల తొట్టిలో పడుకోబెడుతుంది. రెండు రోజులు ఎవరూ స్నానం చెయ్యకూడదు. డ్యూక్ కాపలా ఉంటాడు. డ్యూక్ మా కుక్క, వాడికి మూడే కాళ్ళు. తరవాత ఊరదోసకాయల నీళ్ళు పొయ్యాలి. తొమ్మిది నిమిషాలు కాల్చాలి. నాన్న నిద్ర లేవకముందే అయిపోవాలి."

చివరి మాట దగ్గర ఆర్డిస్ కలం ఆగింది. ఆ ఒక్క వాక్యం కొట్టేసింది. కింద ఇంటిపేరు వెయ్యకుండా టిల్లీ అని మాత్రం రాసింది. తనని ఎవరైనా తప్పుపట్టగలరా అని మనసులో ఒకసారి చూసుకుంది కూడా. పట్టలేరనిపించింది. మిగతాదంతా ఎంత ముద్దుగా ఉందంటే దాన్ని పేజీలో అన్నిటికన్నా పైన వెయ్యమని పత్రిక వాళ్ళకి తనే చెప్పింది.

గురువారం పత్రిక వచ్చింది. ఆఫీసులో కూర్చునే మార్లిస్ అది గట్టిగా చదివి, "మూడు కాళ్ళ కుక్క కాపలా అట, దొంగ కుంటుకుంటూ పారిపోయినా దొరకడు కాబోలు" అని పగలబడి నవ్వింది. ఆర్డిస్ కూడా నవ్వింది.

మర్నాడు శుక్రవారం తరగతిలో విందు. రెండు పొడవాటి బల్లలు జరిపి కలిపారు. పైన తెల్ల కాగితం నేలదాకా జారేటట్టు పరిచారు. మొక్కజొన్న రొట్టె, క్రాన్‌బెర్రీ పచ్చడి, ఉడికించిన చిలగడదుంపలు ఇళ్ళనుంచి వచ్చాయి. తిండి అయ్యాక చిన్న నాటకం ఉంటుంది. పిల్లలు కాగితం టోపీలు పెట్టుకుని గుమ్మడికాయలై కూర్చుంటారు. రైతు వచ్చి, నా కోడి కనిపించిందా అని అడుగుతాడు. "ఇక్కడ కోడీ లేదు గీడీ లేదు, మేమంతా గుమ్మడికాయలం" అని అందరూ ఒక్క గొంతుతో అనాలి. రైతు, అయితే సరే, ఈ పూట రొట్టే తింటా అని వెళ్ళిపోవాలి. ఏటా రైతు వేషం బస్సు నడిపే ఆర్విల్‌ది. ఆ రోజు పొద్దున్నే నడుం పట్టేసిందని ఫోన్ చేశాడు. ఎవరైనా దొరికితే పంపిస్తానని మార్లిస్‌కి చెప్పి పెట్టేశాడు.

పదిన్నరకి టిల్లీ పెన్సిలు చెక్కుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెక్కుడు ఆగిపోయిన సంగతి ఆర్డిస్ కాసేపటికి గానీ గమనించలేదు. తిరిగి చూస్తే పిల్ల బయటికి చూస్తూ నిలబడి ఉంది. బయట సన్నగా మంచు రాలుతోంది, రోడ్డవతల బూడిదరంగు ట్రక్కు ఒకటి ఆగి ఉంది. ఏమైందమ్మా అని అడిగితే ఏం లేదని తల ఊపింది. ఇంకో పిల్లవాడు పాలు ఒలకబోసుకున్నాడు. ఆర్డిస్ అటు పరిగెత్తింది.

అందరూ బల్ల చుట్టూ కూర్చునేసరికి టిల్లీ కుర్చీ ఖాళీగా ఉంది. పేరు రాసిన చీటీ, దాని పక్కన టోపీ ఉన్నాయి. బాత్రూముకి వెళ్ళిందేమో అనుకుని లేవబోతుంటే తలుపు చప్పుడైంది.

మార్లిస్ తల లోపలికి పెట్టి, "మీ రైతు వచ్చేశాడు" అంది హుషారుగా. ఆర్విల్ పంపాడా అని అడిగితే అవునన్నాడట. ఆమె వెనక నుంచి గళ్ళ కోటు, మట్టి బూట్లు వేసుకున్న మనిషి లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మంచివాడిలా నవ్వుతున్నాడు. చేతిలో ఊరదోసకాయల సీసా ఉంది. మార్లిస్ తలుపు వేసి వెళ్ళిపోయింది.

అతను సీసాని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ సీసా చూడగానే ఆర్డిస్‌కి టిల్లీ చెప్పిన వంటకం గుర్తొచ్చింది.

"బాగుందండీ గది. పేపర్లో చదివి వచ్చాను. దేశమంతా గాలిస్తున్నాను, ఎక్కడా అంతు దొరకలేదు. నిన్న రాత్రి మూడు కాళ్ళ డ్యూక్ అని కొట్టానండి కంప్యూటర్లో. మొదటిదే ఇది" అన్నాడు.

మాట మెత్తగా ఉంది. కళ్ళు మాత్రం బల్ల చుట్టూ ఒక్కో మొహాన్నీ తడుముకుంటూ వస్తున్నాయి. ఖాళీ కుర్చీ దగ్గర ఆగాయి. వంగి చీటీ తీసి చదివాడు.

ఆర్డిస్ నోరు తెరిచింది. పిల్లకి జ్వరం, ఇంటికి పంపేశామని చెప్పాలనుకుంది. అప్పుడే ఆమె మడమకి ఏదో చల్లగా తగిలింది. బల్ల కింద, కాగితం చాటున, చిన్న చెయ్యి ఆమె చీలమండని గట్టిగా పట్టుకుంది.

బల్ల చుట్టూ పద్దెనిమిది మంది పిల్లలు ఉన్నారు. వాళ్ళలో సగం మంది టిల్లీ కిందకి దూరడం చూసే ఉంటారు. ఆరేళ్ళ పిల్లలకి అబద్ధం చేతకాదు. అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. ఇప్పుడు జ్వరం సంగతి తను చెబితే, లేదు టీచర్, ఇక్కడే ఉంది అని సంతోషంగా దిద్దుతారు.

అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి పిల్లల ఎత్తుకి వంగాడు. "ఏమర్రా, ఇక్కడ కూర్చునే పిల్ల ఎక్కడుంది?"

ఎదురుగా ఉన్న అంటన్ అనే బుడతడు చెయ్యెత్తాడు. వాడు ఏది తెలిసినా ముందు తనే చెప్పాలనుకునే రకం.

"పిల్లలూ," అంది ఆర్డిస్. నాటకానికి పిలిచినట్టు రెండు చేతులూ చరిచింది. "రైతు వచ్చాడు."

పిల్లలంతా అతని కోటు వైపు, బూట్ల వైపు చూశారు. తరవాత అంటన్ చెయ్యి దించాడు. వాడి మొహం వెలిగింది. పద్దెనిమిది టోపీలు ఒక్కసారి సర్దుకున్నాయి.

"ఇక్కడ కోడీ లేదు గీడీ లేదు, మేమంతా గుమ్మడికాయలం!"

అతని నవ్వు అలాగే ఉండిపోయింది. "నేనాడుకోవడానికి రాలేదు" అన్నాడు. పిల్లలకి అది కూడా ఆటలాగే వినపడి, ఇంకా గట్టిగా అదే మాట అన్నారు. మూడోసారీ అన్నారు. గది దద్దరిల్లింది. అతను నిటారుగా లేచాడు. నాటకం ముందుకి సాగడం లేదని అంటన్‌కి చిరాకేసింది.

"నువ్విప్పుడు 'ఈ పూట రొట్టే తింటా' అనాలి. మర్చిపోయావా?" అని అందించాడు.

అతను అంటన్‌ని చూశాడు. తరవాత ఆర్డిస్ వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

"సరే. ఈ పూట రొట్టే తింటా" అని ఒక్కో మాటా విడదీసి అన్నాడు. చీటీని కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈ రైతు ఆర్విల్ కన్నా బాగా భయపెట్టాడని ఒకమ్మాయి మెచ్చుకుంది.

ఆర్డిస్ ఫోన్ చేస్తే షెల్బీ పావుగంటలో బడి వంటింటి వెనక తలుపు దగ్గరికి వచ్చింది. పాలడబ్బాలు దించే చోట బడి వంటమనిషి వాళ్ళ కోసం తన కారు తిప్పి పెట్టింది. ముందు వైపు రోడ్డవతల బూడిదరంగు ట్రక్కు కదల్లేదు. ఆర్డిస్ ఏదో చెప్పబోయింది, క్షమించమనో ఏదో. షెల్బీ పిల్ల కోటు గుండీలు పెడుతూ తలెత్తకుండానే అంది:

"కుక్క పేరు కూడా వేశారు కదా టీచర్."

ఆఖరి గుండీ పెట్టి పిల్లని కారెక్కించింది. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పమని, ఫోన్ నంబరైనా ఇమ్మని ఆర్డిస్ అడిగింది. మీ దగ్గర లేకపోతేనే మంచిది అంది షెల్బీ. టిల్లీ సీట్లో కిందికి జారి కూర్చుంది. కారు వెళ్ళిపోయింది. ఫోన్ చేసి పిలిచిన షెరీఫు ఆఫీసు పోలీసు గంట తరవాత వచ్చి ట్రక్కు దగ్గర మాట్లాడి, రోడ్డు మీద బండి ఆపుకోవడం నేరం కాదు, బళ్ళోకి మళ్ళీ అడుగు పెట్టొద్దని మాత్రం చెప్పానన్నాడు.

సోమవారం ట్రక్కు అక్కడే ఉంది. మంగళవారం కూడా ఉంది. దాన్ని చూడగా చూడగా ఆర్డిస్‌కి మెల్లగా ఒక సంగతి అర్థమైంది. వాళ్ళెక్కడున్నారో తెలియదు కనకే కదా వీడు ఇక్కడ కూర్చున్నాడు. ఆ ట్రక్కు అక్కడ ఉన్నన్నాళ్ళూ వాళ్ళు క్షేమం. పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసుకునేది. ఉంటే ఊపిరి పీల్చుకునేది. మంగళవారం సాయంత్రం పిల్లల బొమ్మలు చూడడానికి తల్లిదండ్రుల్ని పిలిచారు. వరండా అంతా కోట్లు, టోపీలు, పెద్దవాళ్ళు, నవ్వులు. ఎవరు వచ్చారో ఎవరు పోయారో ఎవరూ చూడలేదు.

బుధవారం పొద్దున ఆమె వచ్చేసరికి రోడ్డవతల ట్రక్కు లేదు. ఇన్నాళ్ళూ కురిసిన మంచులో అది ఆగిన మేర నల్లటి పొడి నేల మిగిలింది. దాని మీద కూడా మంచు పడడం మొదలైంది.

ఆమె లోపలికి నడిచింది. వరండాలో గోడ కింద దూది రాలి ఉంది, పిడికెడు పిడికెడుగా. తలెత్తి చూసింది. టిల్లీ కోడి ఒళ్ళంతా ఒలిచేసి ఉంది. తల ఉంది. ఈకలు మూడే ఉన్నాయి: అమ్మ, డ్యూక్, కొత్త బూట్లు. నాలుగో ఈక మొదలంటా చింపేసి ఉంది.

దాని మీద ఏముందో ఆర్డిస్‌కి బాగా తెలుసు. ఆ మాటలు పిల్లకి రాయడం రాకపోతే ఒక్కో అక్షరం చెప్పి రాయించింది తనే. ఊరిపేరు పెద్దక్షరంతో మొదలు పెట్టాలని దిద్దించింది కూడా. డులూత్‌లో బెట్సీ పిన్ని, కింద రొట్టెల కొట్టున్న నీలం ఇల్లు.

ఆమె ఆఫీసుకి పరిగెత్తింది. మార్లిస్ ఇంకా కోటు విప్పలేదు. డులూత్ పోలీసులకి ఫోన్ కలపమంది. ఏం చెప్పాలి, ఏ చిరునామా అని మార్లిస్ కంగారుపడింది.

"నీలం ఇల్లు, కింద రొట్టెల కొట్టు. షెల్బీ వాళ్ళ చెల్లెలు బెట్సీ. కలపవే, ముందు కలుపు."

అవతల ఫోన్ మోగుతోంది. బయట మొదటి బస్సు వచ్చి ఆగింది. అంటన్ అందరికన్నా ముందు దిగి, రోడ్డవతల నల్లమరక వైపు ఒకసారి చూసి, తిన్నగా ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"టీచర్, రైతు వెళ్ళిపోయాడా?"

ఆర్డిస్ ఫోను చెవికి నొక్కుకుని నిలబడింది. అవతల ఇంకా మోగుతూనే ఉంది.