ఒక్కొక్కరే బయటికి

ఆ ఇంట్లో పొద్దున్నే ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. మిక్సీ తిరగదు, మూలుగుతుంది. మూడు నెలలుగా ఇదే వరస. ఇంటాయన ఉండబట్టలేక కరెంటాఫీసుకి ఫోన్ చేశాడు.

"పక్కింట్లో ఎలా ఉంది సార్?" అని అడిగారు అట్నుంచి.

"వెలిగిపోతోంది!"

"అయితే లోపం మీ ఇంట్లోనే."

మర్నాడు పదింటికి లైన్‌మన్ వచ్చాడు. బయట మీటరు దగ్గర రెండొందల ముప్పై వోల్టులు, హాల్లో ప్లగ్గు దగ్గర నూట అరవై. ఫ్రిజ్, మోటారు, గీజరు ఒక్కొక్కటే ఆపించాడు. చేతిలో ఉన్న వోల్టు మీటరు ముల్లు కదల్లేదు.

"సరే, ఇక మనుషులు. ఒక్కొక్కరే బయటికెళ్ళి రండి."

మనుషులు కరెంటు లాగడం ఎక్కడ లేదు? ఇల్లాలు వెళ్ళింది. నూట అరవై. "చూశారా!" అంటూ గర్వంగా తిరిగొచ్చింది. పిల్లలిద్దరూ గెంతి వచ్చారు. ఇంటాయనా వెళ్ళొచ్చాడు. నూట అరవై.

మిగిలింది ఆయన మేనత్త. తల్లి లేని అతన్ని పెంచింది ఆవిడే. వేరే ఇల్లు లేదు. వంటింటి పక్క గదిలో, దగ్గినా ఎవరికి అడ్డమో అన్నట్టు ఉంటుంది.

"నేను పెద్దగా ఏం వాడను నాయనా," అంది.

"చప్పుడు చెయ్యనివాళ్ళే ఎక్కువ లాగుతారమ్మా. ఊరికే ఓసారి."

ఆవిడ గడప దాటింది. ఫ్యాన్ రివ్వుమంది. ముల్లు రెండొందల ముప్పైకి లేచింది.

"మామ్మా, లోపలికి రా!" బల్బు గుడ్డిదైంది. "మామ్మా, బయటికి పో!" భగ్గుమంది. పిల్లలకి ఇంత మంచి బొమ్మ ఎవరూ కొనివ్వలేదు. పదకొండుసార్లు తిప్పారు. మొదట్లో ఆవిడా నవ్వింది. ఏడోసారికి గుమ్మం పట్టుకుంది.

"పాపం, అత్తయ్యకి కాళ్ళ నొప్పులు. ఇక ఆపండర్రా," అని ఇల్లాలు జాలిపడింది.

పిల్లలు ఆపేశారు. అప్పుడు మామ్మ బయటుంది.

ఇల్లాలు మిక్సీ వేసింది. అబ్బ, ఏం తిరిగింది!

"ఒరేయ్, లోపలికొచ్చి చెప్పులు తీసుకోనా? మెట్లు కాలుతున్నాయి," అంది మేనత్త.

"నువ్వు రాకు అత్తా, నేను తెస్తాగా!" మేనల్లుడు పరిగెత్తాడు. చెప్పులతో పాటు ఆవిడ దుప్పటీ, కళ్ళజోడూ, మందుల డబ్బా కూడా తెచ్చాడు. ఎంత ప్రేమో!

లైన్‌మన్ కాగితం రాసుకుంటూ మెట్ల మీదికొచ్చాడు. "ఫిర్యాదు తీరిందని ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఓ సంతకం పెట్టాలి."

దగ్గరున్నది ఆవిడే కదా, పెన్నుకి చెయ్యి చాపింది.

అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు.

"ఇంట్లోవాళ్ళమ్మా," అన్నాడు, ఎంతో మర్యాదగా.